లంబాపూర్ గుట్టల కింద వాగు: మనిషికీ అడవికీ కలిపి వేసిన ఒక రేడియేషన్ లెక్క

యురేనియం తీసేశాక మిగిలే వ్యర్థం ఎప్పుడైనా కట్ట తెగి వాగులో పడితే, ఆ వాగు మీద బతికే మనుషులకు, మేకలకు, అడవి జంతువులకు ఎంతెంత ముప్పు? దేవరకొండకూ నాగార్జునసాగర్‌కూ మధ్య తండాల్లో తిరిగి పనిచేసే కొందరు యువకులు, వాళ్ళతో ఉన్న ఒక రిటైర్డ్ టీచరు నన్ను ఈ ప్రశ్న అడిగారు. పర్యావరణంలో రేడియేషన్ ముప్పును అంచనా వేయడం నా వృత్తి. మామూలుగా నా దగ్గరికి మనుషుల డోసు లెక్కలే, అంటే ఒంటికి ఎంత రేడియేషన్ తగులుతుందనే లెక్కలే వస్తాయి. వీళ్ళు మాత్రం మనుషులనూ అడవినీ ఒకే కాగితం మీద చూపించమన్నారు. ఆ పని ఎలా చేశానో, ఏం తేలిందో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి అంచనాలు ఇకముందు కూడా మన ప్రాంతంలో అవసరమవుతాయి, వాటిని ఎలా చదవాలో అందరికీ తెలిసి ఉండాలి.

ముందే ఒక మాట. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులలో ప్రతిపాదించిన యురేనియం గని రాలేదు. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించారు. శుద్ధి కర్మాగారాన్ని మొదట మల్లాపురంలో అన్నారు, తర్వాత శేరిపల్లి వైపు మార్చారు. అక్కడా ఒప్పుకోలేదు. 2019లో నల్లమలలో అమ్రాబాద్ వైపు అన్వేషణ మాట వచ్చినప్పుడు ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే వద్దని తీర్మానం చేసింది. కాబట్టి ఈ అంచనా జరిగిన ప్రమాదం గురించి కాదు. ఖనిజం భూమిలో అలాగే ఉంది, ప్రతిపాదన ఎప్పుడైనా మళ్ళీ బల్ల మీదికి రావచ్చు. ఆ రోజు చేతిలో లెక్క ఉండాలని వాళ్ళ ఆలోచన. వాగు పేరు కావాలనే రాయడం లేదు. ఊహించి వేసిన లెక్కను పట్టుకుని ఆ ఊళ్ళ బత్తాయిలను, చేపలను ఎవరూ వద్దనకూడదు.

నేల సంగతి

సాగర్ ఒడ్డున కనిపించే చదునైన గుట్టల పైభాగం శ్రీశైలం క్వార్ట్‌జైట్ రాయి. దాని కింద పాత గ్రానైటు. రెండూ కలిసే హద్దు వెంబడి, ఎక్కువగా గ్రానైటులోనే, యురేనియం పేరుకుంది. గ్రేడు సుమారు 0.1 శాతం, అంటే టన్ను రాయిలో కిలో యురేనియం ఆక్సైడు. దాన్ని తీసుకుని మిగతా టన్నంతా పొడి చేసి చెరువులాంటి కట్టలో పోస్తారు. దీన్నే టెయిలింగ్ పాండ్ అంటారు. యురేనియం పోయింది కదా, ఇక మిగిలింది ఉత్త మట్టే అనుకుంటారు చాలామంది. అసలు విషయం అక్కడే ఉంది. యురేనియంతో పాటు కోట్ల ఏళ్ళుగా ఆ రాతిలో పుట్టి నిలబడిన థోరియం 230, రేడియం 226, లెడ్ 210, పొలోనియం 210 అన్నీ వ్యర్థంలోనే ఉండిపోతాయి. ముడిఖనిజంలో ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం కట్టలోకే చేరుతుంది. రేడియం అర్ధజీవితకాలం, అంటే సగానికి తరగడానికి పట్టే కాలం, 1,600 ఏళ్ళు. దాన్ని పుట్టించే థోరియం 230కి 75 వేల ఏళ్ళ పైమాటే.

0.1 శాతం గ్రేడు అంటే వ్యర్థం కిలోకు సుమారు 10,000 బెక్వెరెల్ల రేడియం ఉంటుంది (సెకనుకు ఒక అణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరెల్). ఐక్యరాజ్యసమితి సంఘం అన్‌స్కియర్ లెక్కలో ప్రపంచంలో సగటు నేలకు ఇది కిలోకు 32 మాత్రమే. మూడు వందల రెట్ల తేడా. గ్రానైటు నేల కాబట్టి మన దగ్గర సహజంగానే సగటు కంటే కొంత ఎక్కువ ఉండొచ్చు, అయినా ఈ తేడా ముందు అది చిన్నదే.

కట్ట తెగడం అనేది వట్టి ఊహ కాదు. 1979 జూలై 16న అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం చర్చ్ రాక్ దగ్గర యురేనియం మిల్లు కట్ట తెగి సుమారు 1,100 టన్నుల వ్యర్థం, 35 కోట్ల లీటర్ల ఆమ్లజలం రియో పుయెర్కో అనే వాగులో పడ్డాయి. ఆ వాగు మీద ఆధారపడింది నవాహో తెగ గొర్రెల కాపరులు. ఎండాకాలం ఎండిపోయే వాగు, పశువులను కాచుకునే గిరిజనులు. మన పరిస్థితికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

మడుగు దగ్గరికి ఎవరెవరు వస్తారు

ఏ అంచనాకైనా మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. పుస్తకాల్లో దీనికి రెడీమేడ్ జవాబు ఉంటుంది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ ఐసీఆర్‌పీ 2008లో పన్నెండు ప్రామాణిక జీవులను ఎంచింది. వాటిలో జింక, ఎలుక, బాతు, కప్ప, ట్రౌట్ చేప, తేనెటీగ, వానపాము, పైన్ చెట్టు, గడ్డి లాంటివి ఉన్నాయి. జంతువులకు, మొక్కలకు డోసు లెక్కగట్టడానికి ఐరోపాలో తయారైన ఎరికా టూల్‌లోనూ దాదాపు ఇలాంటి జాబితానే ఉంటుంది. చల్లటి దేశాల అడవికి అది సరిపోతుంది. నల్లమల అంచుకు సరిపోవాలంటే నేల మీద నడిచి చూడాలి.

వాగు వెంట నడిచినప్పుడు ఒక ముసలి మేకల కాపరి మాకు తోడు వచ్చాడు. ఎండాకాలం నీళ్ళెక్కడ ఉంటాయని అడిగితే చేత్తో చూపించాడు. "గా బండ కింది మడుగొక్కటే సారూ. మేకలైనా దుప్పులైనా మేమైనా గదే నీళ్ళు. రాత్రి ఎలుగుబంటి గూడ గాడికే వస్తది." అంచనాలో నేను పెట్టిన అతి ముఖ్యమైన సమాచారం ఆ ఒక్క మాటలోంచే వచ్చింది. వానాకాలంలో వాగు పొడవునా పరుచుకున్న ప్రాణులన్నీ మార్చి నుంచి జూన్ దాకా ఒకే మడుగు మీదికి చేరతాయి. ఆ నెలల్లోనే నీళ్ళు ఆవిరై, కరిగి ఉన్నవన్నీ చిక్కబడతాయి. ఏడాది సగటు తీసుకుంటే ఈ సంగతి లెక్కలో కనిపించకుండా పోతుంది. అందుకే నేను సగటును పక్కనపెట్టి మే నెలను ఆధారంగా తీసుకున్నాను.

జాబితా ఇలా తయారైంది. నీళ్ళలో చిన్న చేపలు, కొర్రమీను, నత్తలు, ఆల్చిప్పలు, పీతలు. వాటిని తినే నీటికుక్క, కొంగలు. ఒడ్డున దుప్పి, కణుజు, అడవి పంది, నెమలి, ఉడుము. బొరియల్లో ముళ్ళపంది, అలుగు. బండలకు పట్టే పెద్ద తేనెటీగలు, అవి కూడా నీళ్ళ కోసం మడుగుకే వస్తాయి. ఇక ఎలుగుబంటి. మన ఎలుగు చెదపుట్టలను పగలగొట్టి, మూతి పెట్టి చెదలను మట్టితో సహా పీల్చేస్తుంది. ఇంత మట్టి మింగే పెద్ద జంతువు ఐసీఆర్‌పీ జాబితాలో లేదు. జింక లెక్కను ఎలుగుకు అంటించడం నాకు సమంజసంగా అనిపించలేదు. మట్టి మింగడాన్ని విడిగా ఒక దారిగా చేర్చాను.

చెదల గురించి ఇంకో మాట. అవి లోతు నుంచి మట్టిని పైకి తెస్తాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఖనిజాన్ని వెతకడానికి పుట్టమన్నును పరీక్షించేది ఇందుకే. టెయిలింగ్ పాండ్ నిండాక దాని మీద మట్టి కప్పి మూసేస్తాం, ముప్పు ఉండదు అని ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ రాస్తారు. కప్పిన మట్టిలో పుట్టలు లేవకుండా, ముళ్ళపంది తవ్వకుండా ఎన్ని వందల ఏళ్ళు కాపలా కాస్తారో కూడా ఆ రిపోర్టులో ఉండాలి.

మనుషుల్లో మూడు రకాల వాళ్ళను తీసుకున్నాను. వాగు ఒడ్డున మేకలు కాసే పెద్దవాళ్ళు, సెలవుల్లో వాళ్ళతో పాటు వెళ్ళే 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలు, అడవి లోపల గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికే చెంచులు. ఇక అక్కంపల్లి రిజర్వాయరు నుంచి కృష్ణా నీళ్ళు తాగే హైదరాబాదు జనం. వాళ్ళకు చేరేసరికి నీళ్ళు ఎంతో పలచబడతాయి, పైగా శుద్ధి అవుతాయి. వాళ్ళ ముప్పును ఒక్క పేజీలో ముగించాను. పత్రికల్లో వచ్చే గొడవంతా ఆ ఒక్క పేజీ గురించే ఉంటుంది, మడుగు పక్కనున్న వాళ్ళ గురించి ఉండదు. అది నాకు బాధ కలిగించే విషయం.

లెక్క

ఊహించిన పరిస్థితి ఇది. కట్ట తెగి వ్యర్థం వాగు మట్టితో పదో వంతుగా కలిసింది. ఒడ్డు మట్టిలో, మడుగు బురదలో కిలోకు 1,000 బెక్వెరెల్ల రేడియం, మడుగు నీళ్ళలో లీటరుకు 1 బెక్వెరెల్. నీళ్ళకు ఈ సంఖ్య ఎంచుకోవడానికి కారణం ఉంది. తాగునీటిలో రేడియం 226కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శక స్థాయి సరిగ్గా ఇదే. అంటే ల్యాబ్ రిపోర్టు చూసి ఎవరైనా "ఫర్వాలేదు" అనగలిగే నీళ్ళు.

మొదట మనిషి. ఎండాకాలం మూడు నెలలు రోజుకు నాలుగు లీటర్ల చొప్పున ఆ నీళ్ళే తాగితే 360 బెక్వెరెల్లు లోపలికి వెళ్తాయి. పెద్దవాళ్ళకు అది 0.1 మిల్లీసీవర్ట్ (మనిషి డోసును కొలిచే కొలత). ఏడాదికి పది కిలోల చిన్న చేపలు ముల్లుతో సహా తింటే, చేప ఒంట్లో కిలోకు 100 బెక్వెరెల్లు అనుకుంటే, 0.28. ఒడ్డు మట్టి మీద ఏడాదికి 1,200 గంటలు గడిపితే బయటి నుంచి పడే గామా కిరణాల వల్ల 0.39. మొత్తం 0.77 మిల్లీసీవర్ట్. సాధారణ ప్రజలకు ఏడాది పరిమితి 1. పాసైనట్టే లెక్క.

అదే మడుగు, అవే చేపలు, అవే గంటలు. మనిషిని మాత్రం మార్చి పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ని పెట్టండి. ఎముకలు పెరిగే వయసు. రేడియం శరీరంలో కాల్షియంలా నడుచుకుని ఎముకల్లో చేరుతుంది. అందుకే ఐసీఆర్‌పీ పట్టికలో 12 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు బెక్వెరెల్‌కు లెక్కగట్టే డోసు పెద్దవాళ్ళకంటే అయిదు రెట్లకు పైగా ఉంటుంది. నీళ్ళ వల్ల 0.54, చేపల వల్ల 1.5, బయటి నుంచి 0.39. మొత్తం 2.4 మిల్లీసీవర్ట్‌లకు పైగా. లెడ్ 210, పొలోనియం 210 ఇందులో ఇంకా కలపలేదు. చేపల్లో ఎక్కువగా చేరేది పొలోనియమే, పైగా పెద్దవాళ్ళ లెక్కలో దాని డోసు బెక్వెరెల్‌కు రేడియంకంటే నాలుగు రెట్లు. పెద్దవాళ్ళ లెక్క ఒక్కటే వేసి ఊరికి ధైర్యం చెప్పే రిపోర్టు కనిపిస్తే మొదట అడగాల్సింది పిల్లల లెక్క ఏదీ అని.

ఇక్కడ ఊరి అలవాటు ఒకటి కూడా చూడాలి. వాగులు ఎండే ముందు మడుగుల్లో మిగిలిన చేపలను అందరూ కలిసి పట్టుకుంటారు. మృగశిర కార్తె రోజు చేప తినని ఇల్లు ఈ వైపు అరుదు. చిన్న చేపలను వేయించి ముల్లుతో సహా నమిలేస్తారు. రేడియం ఉండేది ఆ ముల్లులోనే. చేప కండను మాత్రమే పరీక్షించి ఇచ్చే ల్యాబ్ ఫలితం ఈ ఊళ్ళకు పనికిరాదు.

ఇప్పుడు చేపకు. జంతువులకు సీవర్ట్ వాడరు. కిలో శరీరం ఎంత శక్తిని గ్రహించింది అనే గ్రే కొలతనే వాడి, దగ్గరలోనే ఎక్కువ దెబ్బ కొట్టే ఆల్ఫా కణాలకు 10 రెట్ల బరువు ఇస్తారు. రేడియం, దాని తర్వాత వెంట వెంటనే పుట్టే రేడాన్, పొలోనియం వగైరాల ఆల్ఫా శక్తి మొత్తం కలిపితే 24 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. ఒంట్లో కిలోకు 100 బెక్వెరెల్లుంటే గంటకు దాదాపు 14 మైక్రోగ్రే. ఎరికా టూల్‌లో వడపోత గీత గంటకు 10 మైక్రోగ్రే. ఆ గీత లోపల ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, దాటితే వివరంగా చూడాలి. చేప దాటింది. ఆల్చిప్పలు రేడియాన్ని చేపకంటే ఎంతో ఎక్కువగా పోగుచేస్తాయి. నీటికంటే వెయ్యి రెట్లు అని వేస్తే గంటకు 138.

అంటే పెద్దవాళ్ళు తాగొచ్చు అని పాసయ్యే నీళ్ళలో చేప వడపోత దాటుతోంది. ఊళ్ళో ఈ లెక్క చెప్పినప్పుడు కుర్రాళ్ళలో ఒకడు సూటిగా అడిగాడు, "మనిషికి ఏం కాదని చెప్పి చేపకు ముప్పంటే ఆఫీసులో నవ్వుతరు కద సార్?" వాడి టెన్షన్ న్యాయమైనదే. ఆ లెక్కను విప్పి చూపించాను.

గంటకు 14 మైక్రోగ్రే అంటే చేపలు చచ్చిపోతాయని కాదు. ట్రౌట్ లాంటి చేపలకు ఐసీఆర్‌పీ చెప్పే జాగ్రత్త పట్టీ, అంటే హాని కనిపించే అవకాశం ఉన్న డోసుల హద్దు, రోజుకు 1 నుంచి 10 మిల్లీగ్రే, అంటే గంటకు సుమారు 40 నుంచి 400 మైక్రోగ్రే. పీత, వానపాము లాంటివాటికి దానికి పదింతలు. జింక, ఎలుక, బాతులకు మాత్రం గంటకు 4 నుంచి 40 దగ్గరే మొదలవుతుంది. రేడియం నుంచి పుట్టిన రేడాన్ వాయువు చిన్న చేప ఒంట్లోంచి బయటికి పోతే ఆ 14 కాస్తా 3కు తగ్గుతుంది. అలాగే ఆల్ఫాకు ఇచ్చిన 10 రెట్ల బరువు మీదే ఈ సంఖ్య నిలబడి ఉంది. ఈ సంగతులన్నీ రిపోర్టులో మొదటి పేజీలోనే రాశాను. దాచిపెట్టి పెద్ద అంకె ఒక్కటే చూపిస్తే అవతలి నిపుణుడు ఒక్క నిమిషంలో దాన్ని పడగొడతాడు, ఊరివాళ్ళ మాటకు విలువ పోతుంది.

అయితే తేడా రెండు వైపులా ఉంటుంది. నల్లగొండ ఫ్లోరైడు ప్రాంతపు భూగర్భ జలాల్లో చాలాచోట్ల కాల్షియం తక్కువ, బైకార్బనేటు ఎక్కువ. ఫ్లోరైడు కరిగి ఉండటానికి కారణమే అది. మే నెలలో మడుగుకు ఊరేది ఆ భూగర్భ జలమే. నీళ్ళలో కాల్షియం తగ్గితే జీవులు రేడియాన్ని ఎక్కువగా తీసుకుంటాయి. బైకార్బనేటు యురేనియాన్ని పట్టుకుని నీళ్ళలోనే కరిగి ఉంచుతుంది. నీళ్ళలో ఉన్నదానికి ఎన్ని రెట్లు జీవి ఒంట్లో చేరుతుందో చెప్పే, ఐరోపా నదుల నుంచి వచ్చిన సగటు నిష్పత్తులు ఇక్కడ తక్కువగా చూపే అవకాశం ఉంది. 14 అనేది 3 కావొచ్చు, 40 కూడా కావొచ్చు. ఏదో తేల్చడానికి మన వాగు చేపనే కొలవాలి.

యురేనియం, కిడ్నీ

ఈ భాగం రేడియేషన్ గురించి కాదు, అయినా ఇది లేకుండా అంచనా పూర్తి కాదు. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి గీత 60. రోజుకు రెండు లీటర్ల చొప్పున ఏడాదంతా 30 మైక్రోగ్రాముల నీళ్ళు తాగితే వచ్చే రేడియేషన్ డోసు 0.025 మిల్లీసీవర్ట్ మాత్రమే. డోసు పట్టికలో అది కంటికి ఆనదు. 30 గీత పెట్టింది కిడ్నీ కోసం. యురేనియం సీసంలాంటి లోహవిషం, కిడ్నీ గొట్టాలను దెబ్బతీస్తుంది. ఫ్లోరైడు బయటికి పోవాల్సింది కూడా కిడ్నీల ద్వారానే. తరాలుగా ఫ్లోరైడు నీళ్ళు తాగిన ఊళ్ళకు ఇంకో కిడ్నీ భారం కలపడం గురించి డోసు పట్టిక ఏమీ చెప్పదు. అందుకే రేడియేషన్ రిపోర్టులో రసాయన విషానికి ప్రత్యేక భాగం ఉండాలని పట్టుబట్టాను. చేపలకు, కప్పలకు కూడా యురేనియం విషం నీటి గట్టిదనాన్ని బట్టి మారుతుంది.

బొరియలు

ముళ్ళపంది, అలుగు పగలంతా మట్టి లోపల ఉంటాయి. చుట్టూ అన్ని వైపులా మట్టే కాబట్టి బయటి గామా నేల మీద నిలబడ్డ మనిషికంటే రెట్టింపు. కిలోకు 1,000 బెక్వెరెల్ల మట్టిలో గంటకు 1 మైక్రోగ్రే, అసలు వ్యర్థంలోనే తవ్వితే 10. అంటే ఇంకే దారీ కలపకుండానే వడపోత గీత మీద ఉంటాయి. దానికి తోడు రేడాన్. ఇళ్ళలో గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే స్థాయి ఘనమీటరుకు 100 బెక్వెరెల్లు. మామూలు నేలలో కూడా మట్టి కణాల మధ్య గాలిలో రేడాన్ వేలు, పదివేలలో ఉంటుంది. రేడియం ముప్పై రెట్లు పెరిగిన మట్టిలో అది లక్షల్లోకి పోతుంది. బొరియకు గాలి ఆడితే తగ్గుతుంది, అయినా ఇంటితో పోల్చే స్థాయిలో ఉండదు. చాలా అంచనాల్లో అడవి జంతువులకు రేడాన్ కలపనే కలపరు. నేను కలిపాను, బొరియల్లో ఉండే వాటికి మిగతా దారులన్నిటికంటే అదే పెద్దదిగా తేలింది.

తేలిన అసలు విషయం

లెక్కలన్నీ పక్కపక్కన పెట్టాక చివరి పనిగా ఒక ప్రశ్న వేసుకున్నాను. రేపు నిజంగా కట్ట తెగితే అధికారులు ఏం చేస్తారు? మడుగు దగ్గర బోర్డు పెడతారు. మిషన్ భగీరథ నల్లా ఉంది కాబట్టి తాగునీటికి దాన్నే వాడమంటారు. చేపలు పట్టడం ఆపేస్తారు. మేకలను వేరే వైపు తోలుకోమంటారు. ఇవన్నీ సరైన పనులే. పద్నాలుగేళ్ళ పిల్లవాడి 2.4 మిల్లీసీవర్ట్ అప్పుడు దాదాపు సున్నాకు వస్తుంది. మనుషుల పట్టికలో ఎర్ర గడులన్నీ పచ్చబడతాయి. రిపోర్టు మూసేయవచ్చు.

చేపల 14 మాత్రం 14గానే ఉంటుంది. ఆల్చిప్పల 138, ముళ్ళపంది బొరియ, ఎలుగు మింగే మట్టి, దేనిలోనూ చుక్క తగ్గదు. ఎండాకాలం దుప్పికి ఇంకో నీళ్ళు లేవు. మనిషిని కాపాడటానికి మనం వాడే సాధనాలన్నీ మనిషిని ముప్పు నుంచి పక్కకు తప్పించేవి, ముప్పును తగ్గించేవి కావు.

మనిషిని కాపాడే ప్రమాణాలు ఉంటే మిగతా జీవులకూ అవి చాలు అని ఐసీఆర్‌పీ చాలాకాలం నమ్మింది, 1990 సిఫారసుల్లో కూడా అలాగే రాసింది. ఆ నమ్మకం చాలదని 2003 నుంచి తానే మార్చుకుని జంతువులకు, మొక్కలకు వేరే చట్రం తయారుచేసింది. చెర్నోబిల్‌లో మనుషులను కొన్ని రోజుల్లో తరలించారు, పైన్ అడవి అక్కడే నిలబడి ఎర్రబడి చచ్చిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో మనుషులు లేని ఆ ప్రాంతంలో కొన్ని పెద్ద జంతువులు పెరిగాయి కూడా, దాన్ని చూపించి అడవికి రేడియేషన్ వల్ల ఏం కాదనేవాళ్ళున్నారు. ఆ వాదన ఇక్కడ నిలవదు. అక్కడ జంతువులకు వేట, సాగు పోయాయి కాబట్టి లాభం కలిగింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వేట ముందే నిషేధం. మనుషులను తప్పించినందుకు ఇక్కడి జంతువులకు కొత్తగా కలిసివచ్చేదేమీ లేదు.

చెంచులు ఈ రెండు పట్టికల మధ్య ఉంటారు. కాగితం మీద వాళ్ళు మనుషులు, నల్లా నీళ్ళు ఇవ్వొచ్చు. కానీ గడ్డలు, తేనె, ఇప్పపూవు, మట్టి అంటిన చేతులు అన్నీ అడవివే. అడవి తిండి వదిలేయండి అనడం వాళ్ళకు బతుకే వదిలేయమనడం. కాబట్టి వాళ్ళ డోసును తగ్గించే ఒకే దారి అడవి డోసును తగ్గించడం. అడవి జంతువులకు గీత గీయడం మనిషికి అవసరం లేని సౌఖ్యం అనేవాళ్ళకు నేను చెంచుల పేజీ చూపిస్తాను.

జంతువుల లెక్కలో సాధారణంగా జాతి మొత్తం నిలబడుతుందా అనే చూస్తారు, ఒక్కొక్క ప్రాణిని చూడరు. పరకలకు, నత్తలకు అది సరే. వాగులో ఒకటి రెండు కుటుంబాలే ఉండే నీటికుక్కకు, పిల్లలను వీపున మోసుకు తిరిగే ఎలుగుకు అది సరిపోదు. వీటికి ఒక్కో ప్రాణినీ లెక్కలోకి తీసుకోవాలని రాశాను.

ఏం చేయమన్నాను

గనికి అనుమతి గురించి రిపోర్టులో ఏమీ రాయలేదు, నన్ను అడిగింది అది కాదు. అడిగింది ముప్పు గురించి, దానికి జవాబు ఇది. కట్ట తెగాక కొలవడం మొదలుపెడితే ఎంత పెరిగిందో ఎవరూ నిరూపించలేరు. గ్రానైటు నేలలో అది సహజమే అనేస్తారు. కాబట్టి ఏ ప్రతిపాదనా లేని ఇప్పుడే కొలతలు జరగాలి. గామా మీటరు పట్టుకుని తిరిగితే చాలదు, లెడ్ 210, పొలోనియం 210 దానికి అందవు. పొలోనియం అర్ధజీవితకాలం 138 రోజులే కాబట్టి నమూనాలు నెలల తరబడి అల్మారాలో పెట్టకుండా వెంటనే ఆల్ఫా స్పెక్ట్రోమెట్రీకి (ఆల్ఫా కణాల శక్తిని కొలిచే ల్యాబ్ పరీక్ష) పంపాలి. మే నెల మడుగు నీళ్ళు, బురద, ముల్లుతో సహా చిన్న చేపలు, ఆల్చిప్పలు, పుట్టమన్ను, చెంచులు తవ్వే గడ్డలు తొక్కతో సహా. నీళ్ళలో కాల్షియం, బైకార్బనేటు, ఫ్లోరైడు, యురేనియం కూడా అదే రోజు కొలవాలి, అప్పుడే నిష్పత్తులు మన వాగువి అవుతాయి.

ప్రత్యేక అనుమతి లేకుండా అడవి జంతువులను పట్టి పరీక్షించడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, ఆ అనుమతి అడగాల్సిన పని కూడా లేదు. రాలిన ముళ్ళపంది ముళ్ళు చాలు. నీటికుక్క బండల మీద వేసే పెంటలో చేప ముళ్ళు, పొలుసులు అరగకుండా అలాగే ఉంటాయి. రేడియం చేరేది వాటిలోనే. అటవీశాఖ అనుమతితో ఆ పెంట ఏరితే మడుగు చేపలో ఎంత రేడియం ఉందో, నీటికుక్క ఎంత తింటోందో రెండూ ఒకే నమూనాలో తెలుస్తాయి. వానలు పడితే అది కొట్టుకుపోతుంది కాబట్టి మృగశిరకు ముందే ఏరాలని, ఏ బండ మీద దొరుకుతుందో ఆ కాపరినే అడిగి గుర్తు పెట్టుకోవాలని కుర్రాళ్ళకు చెప్పాను. మొదటి విడత నమూనాల సంచుల మీద తేదీ, బండ గుర్తు, నీటి లోతు రాయడం వాళ్ళకు నేర్పించాను.